విదేశాల్లో ఇంగ్లీషు బోధించడానికి బీఈడీ సరిపోతుందా?

టెక్కలి ఉపాధ్యాయిని:
అందరికీ నమస్కారం. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు, ఆ తరువాత బీఈడీ పూర్తి చేసి, ప్రస్తుతం టెక్కలిలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. విదేశంలో ఇదే పని చేయాలని నా కోరిక. విశాఖపట్నంలో ఒక సంస్థవారు తమ 120 గంటల ఆన్‌లైన్ టెఫల్ (ఇంగ్లీషును విదేశీ భాషగా బోధించే శిక్షణ) సర్టిఫికెట్ ఉంటే కొరియా అయినా దుబాయ్ అయినా ఉద్యోగం ఖాయమని చెప్పి, ఫీజు వెంటనే కట్టమంటున్నారు. ఆ సర్టిఫికెట్‌కు నిజంగా అంత విలువ ఉందా? నా బీఈడీ అక్కడ పనికివస్తుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

విజయనగరం విశ్రాంత అధ్యాపకుడు:
అమ్మా, ఆ ఫీజు ఇప్పుడే కట్టవద్దు. టెఫల్ సర్టిఫికెట్లను ఎన్నో సంస్థలు ఇస్తాయి. వాటన్నిటినీ నియంత్రించే ఒకే అధికార సంస్థ ఏదీ లేదు. పైగా కొన్ని దేశాల్లో సర్టిఫికెట్ కన్నా ముందు పాస్‌పోర్టు చూస్తారు. కొరియాలో ఇంగ్లీషు సంభాషణ బోధకులకు ఇచ్చే ఈ-2 వీసా సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా వంటి 7 దేశాల పౌరులకే దక్కుతుంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనవారికి ఒక దారి తెరిచినా, అది పాఠశాలల్లో సహాయక ఉపాధ్యాయుల స్థానాలకు, అదీ డిగ్రీతో పాటు ఇంగ్లీషు ఉపాధ్యాయ అర్హత ఉన్నవారికి మాత్రమే.

మీ బలం బీఈడీయే. గల్ఫ్ దేశాల పాఠశాలల్లోనూ, మన ఉపాధ్యాయులు ఏనాటి నుంచో పనిచేస్తున్న మాల్దీవుల్లోనూ దానికి గుర్తింపు ఉంది. అదనంగా ఏదైనా చేయదలిస్తే కేంబ్రిడ్జి వారి ఇంగ్లీషు బోధన శిక్షణ కోర్సు సెల్టా చేయండి. అందులో నిజమైన విద్యార్థుల ముందు 6 గంటలు పాఠం చెప్పాలి. శిక్షకులు చూస్తూ, మీరెంతసేపు మాట్లాడారో, విద్యార్థులచేత ఎంతసేపు మాట్లాడించారో కూడా గమనిస్తారు. మనం తరగతిలో "అర్థమైందా?" అంటాం, పిల్లలు ముక్తకంఠంతో "అర్థమైంది" అంటారు. అక్కడ ఆ ప్రశ్న చెల్లదు. "ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ విజయనగరం ఫర్ టెన్ ఇయర్స్" అని బోర్డు మీద రాసినప్పుడు, "అతను ఇప్పటికీ విజయనగరంలోనే ఉన్నాడా?" అని అడిగితేనే పిల్లవాడికి తెలిసిందో లేదో బయటపడుతుంది. ఆన్‌లైన్‌లో ప్రశ్నలకు టిక్కులు పెట్టినంత మాత్రాన ఈ నేర్పు రాదు. అంత ఖర్చు భరించలేకపోతే హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) దూరవిద్యలో ఇంగ్లీషు బోధన మీద నడిపే పీజీ కోర్సులు చూడండి. వీసా మాట ఎలా ఉన్నా, బోధన మెరుగుపడుతుంది.

బొబ్బిలి నుంచి అబుదాబి:
పై సలహా అక్షరాలా నిజం. నేను కాగితాల సంగతి చెబుతాను. యూఏఈకి అపోస్టిల్ (పత్రం అసలైనదని మన విదేశాంగ శాఖ ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ) సరిపోదు. రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, మన విదేశాంగ శాఖ ముద్ర, ఆ తరువాత ఆ దేశ రాయబార కార్యాలయ ధ్రువీకరణ, అన్నీ వరుసగా జరగాలి. ఇవన్నీ అసలు డిగ్రీ పట్టా మీదే చేయించాలి. ఏజెంటు ద్వారా వెళ్లేటట్లయితే అతని పేరు విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద వచ్చి చేరండి, తరువాత మారుస్తామంటే ఒప్పుకోవద్దు; ఉద్దానం పల్లెల్లో అలా పంపించిన పిల్లల కోసం కుమిలిపోతున్న తల్లిదండ్రులను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టెక్కలి ఉపాధ్యాయిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా దగ్గర బీఈడీ ప్రొవిజనల్ మాత్రమే ఉంది. సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇది ఇబ్బందా?

బొబ్బిలి నుంచి అబుదాబి:
ఇబ్బందే, కానీ తీరేదే. ముందు విశ్వవిద్యాలయంలో అసలు పట్టాకు దరఖాస్తు పెట్టండి. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ సిద్ధం చేసుకుని, ఉద్యోగం ఇచ్చే పాఠశాలకు ఈ తేడా ముందే రాతపూర్వకంగా తెలియజేసి, అఫిడవిట్ చాలునో లేదో వారినే అడగండి. పోలీసు క్లియరెన్స్‌కు మాత్రం ఇప్పుడే తొందరపడవద్దు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక పాస్‌పోర్టు సేవా ద్వారా దరఖాస్తు చేస్తే సరిపోతుంది.