వారంలో 2 రోజులు అన్నం మానేస్తే పొలం బాగుపడుతుందా?

సీతమ్మధార కోడలు:
మా ఇంట్లో మూడు పూటలా బియ్యమే. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోశ. మా అత్తగారి చిన్నప్పుడు భీమిలి వైపు చోడంబలి, గంటి అన్నం తినేవారట. చోళ్లంటే రాగులు, గంట్లంటే సజ్జలు. మనం వరే తింటుంటే రైతూ వరే వేస్తాడు, ఊరంతా ఒక్క పంటే ఉంటే తెగుళ్లకు పండగే. వారంలో 2 రోజులైనా చోళ్లకు మారాలంటాను. మీరేమంటారు?

గాజువాక గురువు:
ఇదంతా ప్యాకెట్ల వాళ్ల గోల. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, మా వీధి కొట్లోకి మిల్లెట్ బిస్కెట్ వచ్చింది. వెనక చదివితే మైదాయే ముందుంది! రేషన్‌లో బియ్యం వస్తుంటే కూలికెళ్లేవాడు సామలెందుకు కొంటాడండీ?

చోడవరం రైతు:
అమ్మా, మీ ఇడ్లీలో మినుము ఉంది కదా, దాన్ని వదిలేశారేం? వరి కోతకు ముందే, నేల తడి ఆరకముందు పదునులో మినుమో పెసరో చల్లేస్తాం, దున్నే పని లేదు. వాటి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. పైగా వరి రసం పీల్చే సుడిదోమకి వరే తిండి, మినుము మడిలో దానికి పస్తే. వరి మీద వరి వేసి, యూరియా గుమ్మరించి, తొందరపడి మందు కొడితే ముందు దోమని తినే సాలీళ్లు చస్తాయి, ఆ తర్వాత దోమ రెట్టింపవుతుంది. ఒక ఏడు నాకే జరిగింది, మడి మధ్యలో గుండ్రంగా మాడిపోయింది.

అలాగని పంట మారిస్తే తెగులే రాదనుకోకండి. మినుముకి పల్లాకు తెగులుంది, తెల్లదోమ మోసుకొస్తుంది. చోడికీ అగ్గితెగులొస్తుంది.

గాజువాక గురువు:
మరి చోళ్లు వేయరేం? 2025-26 మద్దతు ధర వరికి క్వింటాలు 2,369, రాగికి 4,886 రూపాయలు కదా.

చోడవరం రైతు:
ధర సరే, కాటా వేసేవాడేడీ? ధాన్యమైతే కొనే చోటు తెలుసు. నాలుగు బస్తాల చోళ్లు పట్టుకుని ఎక్కడ తిరగను?

పాడేరు కుర్రోడు:
కొండమీద చోడి, సామ, కంది కలిపి వేయడం మాకు పాతదే. ఒకటి పోయినా ఇంకోటి మిగుల్తాది. సంతలో మాత్రం బేరగాడు చెప్పిందే రేటు. విశాఖోళ్లు కొనాలంటే గింజ చోళ్లే కొనండి. సామకి పొట్టు తియ్యాలి, చోడికి అక్కర్లేదు, శుభ్రం చేసి పిండిమరలో పోసెయ్యొచ్చు.

సీతమ్మధార కోడలు:
అయితే 2 రోజుల మాట పక్కన పెడతాను. నెలకి 3 కిలోల గింజ చోళ్లు, పొట్టు మినపప్పు, ఉలవలు. ఇది జరిగే పని.

గాజువాక గురువు:
చోడి నాకు గొంతు దిగదు. అంబలి ఎలా కాస్తారో ముందు అది చెప్పండి.

సీతమ్మధార కోడలు:
అత్తగారినడిగాను. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున్న నూకలు ఉడుకుతుండగా పోయాలట. నూకలంటే మళ్లీ బియ్యమేగా అత్తయ్యా అంటే, నవ్వి ఊరుకున్నారు.