నవల్లో ఈడొచ్చిన పిల్లల వేడుక: మూడు గిన్నెల పరీక్ష నమ్మేట్టు ఉందా?

పెన్నగట్టు:
రాస్తున్న నవల్లో పెన్న ఎండిపోయి, కృష్ణపట్నం నించి రామాయపట్నం దాకా బావులన్నీ ఉప్పెక్కి ఉంటాయి. మనిషికి రోజుకి 15 లీటర్లు, లెక్కంతా నీటి కచేరీ చేతిలో. పదిహేనేళ్ళు నిండిన పిల్లల్ని బకింగ్‌హాం కాలవ గట్టున నిలబెట్టి మూడు గిన్నెలు తాగిస్తారు. మంచినీళ్ళేవో చెప్పినోళ్ళకి సొంత నీళ్ళకార్డు, చెప్పలేనోళ్ళు ఉప్పు కొఠార్లకి. చదివినోళ్ళు సినిమా సీనులా ఉందంటున్నారు. ఎక్కడ తేడా కొడతా ఉంది? గిన్నెల్లో ఉప్పెంత వెయ్యాలి?

రొయ్యలగుంట:
సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. అవి పోస్తే పసిబిడ్డ కూడా ఉమ్మేస్తాడు, ఇంకేం పరీక్ష? ఒక గిన్నె మంచినీళ్ళు, ఒకటి లీటరుకి 1 గ్రాము, ఇంకోటి 3 గ్రాములు పెట్టండి. గ్రాము తూచడం కష్టం కాబట్టి లీటరు నీళ్ళలో 10 గ్రాములు కరిగించుకుని, అందులో 100 మిల్లీలీటర్లు తీసి మంచినీళ్ళతో లీటరు చేస్తే 1 గ్రాము, 300 తీస్తే 3. కచేరీ గుమస్తా చేతికి రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటర్ ఇవ్వొద్దు, 1 గ్రాము దగ్గర దాన్ని నమ్మలేం. నీళ్ళలో కరిగిన లవణాల్ని చూపే టీడీఎస్ మీటర్ ఇవ్వండి.

మోసం చెయ్యాలంటే వరస చాలు. 3 గ్రాములది ముందు తాగినోడికి 1 గ్రాముది చప్పగా తోస్తుంది. మధ్యలో మంచినీళ్ళతో పుక్కిలించనిస్తే తేడా పట్టేస్తాడు. ఎవరికి ఏది ముందు అందించాలో, ఎవర్ని పుక్కిలించనివ్వాలో గుమస్తాకి తెలిస్తే గిన్నెలు మార్చే పనే లేదు.

ఇంకోటి, కళ్ళు మూసుకుని చెప్పినా మూడోవంతు మంది గట్టెక్కేస్తారు, అంటే 60 మందిలో ఓ 20 మంది. మూడు విడతలూ నెగ్గాలంటే గుడ్డిగా చెప్పేవాళ్ళలో 27 మందికి ఒక్కరు.

కనిగిరిమెట్ట:
ఆ కాలవలోకి సముద్రపు పోటొస్తుంది అన్నా, ఆడ మంచినీళ్ళ పండగేంది? పెన్న ఒడ్డున సంగం దగ్గరికి మార్చండి. మనకి వానలెక్కువ అక్టోబరు నించి డిసెంబరు దాకా, కాబట్టి కచేరీ దీన్ని మే నెలలోనే పెడుతుంది.

మా మెట్ట నీళ్ళల్లో ఉండే ఫ్లోరైడ్‌ని కూడా వాడుకోండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే చెరుపే గానీ నాలుకకి తెలీదు. పళ్ళు తయారయ్యే వయసులో, సుమారు ఎనిమిదేళ్ళలోపు, అట్టాంటి నీళ్ళు తాగితే పెద్దపళ్ళ మీద గార శాశ్వతంగా ఉండిపోతుంది. కోస్తా పిల్లనని దొంగ కాగితం తెచ్చినా, నోరు తెరవగానే మెట్ట పిల్లేమోనని గుమస్తాకి అనుమానం వస్తుంది.

మూలచాప:
పరీక్షని ఎంత చెక్కినా సినిమా వాసన పోదు. జనం తమంతట తాము ఖర్చు పెట్టుకోని వేడుక నిలవదండీ. తూర్పు జర్మనీలో చర్చి వేడుకకి పోటీగా 1955లో పద్నాలుగేళ్ళ పిల్లలకి సర్కారు వేడుక మొదలెట్టారు. కాగితం మీద బలవంతం లేదు, కాకపోతే వద్దన్న పిల్లలకి పైచదువుల దగ్గర చిక్కులు. ఇళ్ళల్లో విందులు, బహుమతులు మామూలే. ఆ దేశం పోయినా వేడుక పోలేదు.

మన పెద్దమనిషి ఫంక్షనే తీసుకోండి. మూలన చాప, వేరే కంచం, చిమ్మిలి, బేసి రోజున స్నానం, మేనమామ చీర, చదివింపులు. (మగపిల్లలకి పంచెల ఫంక్షన్ ఎటూ ఉంది.) కచేరీ ఇవేవీ చెరపదు. మేనమామ పక్కన గుమస్తా కూర్చుంటాడు, చీర మీద నీళ్ళకార్డు పెడతారు, చదివింపులు లీటర్లలో రాస్తారు.

పల్లెలకి జల్ జీవన్ లెక్క మనిషికి 55 లీటర్లు, మీ 15 విపత్తు శిబిరాల కనీస లెక్క. నలుగురున్న ఇంటికి రోజుకి 60. నలభైమంది తలా 2 లీటర్లు చదివిస్తే 80. అందరూ చూస్తుండగా స్నానానికి రెండు బకెట్లు, అంటే ఓ 40 పోతాయి. మిగిలింది 40, బాకీ మాత్రం 80. నీళ్ళు ఎవరూ మోసుకురారు, అంతా పుస్తకంలో రాతే, ఆ పుస్తకం కచేరీలో ఉంటుంది. మేనత్త కూతురి ఫంక్షన్‌కి 2 లీటర్లు తిరిగి చదివించలేకపోతే, అప్పుడు కొఠారు.

పెన్నగట్టు:
మరి గిన్నెలు తీసెయ్యనా?

మూలచాప:
ఉంచండి. ఉప్పు గిన్నెలు రెండిట్లోనూ 10 గ్రాములు పెడితే పిల్లలంతా నెగ్గుతారు, చప్పట్లు కొడతారు. చదివింపులు తక్కువ పడిన ఇంటి పిల్లకి మాత్రం రొయ్యలగుంట గారు చెప్పిన 1, 3 గ్రాములు, ఆ వరస, పుక్కిలింత లేకుండా. అయితే ఒక మార్పు కావాలి. గిన్నెల కంటే ముందే చదివింపులు రాయించెయ్యాలి.