బాక్ జి మైనర్ సొనాటా: వేలు జారకుండా నిలబెట్టడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి)

నమస్కారమండీ. పర్లాకిమిడిలో స్కూల్ టీచర్ని. పదకొండో ఏట ఫిడేలు పట్టాను, ఇప్పుడు నలభై రెండు. అంతా కర్ణాటక పద్ధతే. కింద కూర్చుని, ఫిడేలు తల పాదానికి ఆనించి వాయిస్తాను. మా మాస్టారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్నవారు.

పోయిన వేసవిలో జర్మన్ స్వరకర్త బాక్ రాసిన జి మైనర్ సొనాటా (నాలుగు భాగాల వాయిద్య రచన) మొదలుపెట్టాను. 1720లో ఆయన స్వహస్తాలతో రాసిన ఆరు సోలోలలో మొదటిది. తోడు ఇంకో వాయిద్యం ఉండదు, ఒక్క ఫిడేలే నాలుగు గొంతులై పలకాలి. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాది అయిదు శ్రుతి, అంటే నా షడ్జం పాశ్చాత్యుల జి స్వరం. కనుక తీగలు స-ప-స-ప లోనే ఉంచాను. నెమ్మదిగా సాగే మొదటి భాగం అడాజియోలో తొలి కార్డు (ఒకేసారి పలికే స్వరాల గుత్తి) పలికింది, తర్వాత వేళ్ళు అందడం లేదు. అంతకన్నా పెద్ద బాధ, ఏ స్వరం మీదా వేలు నేరుగా పడదు. కింది నుంచి జారి వస్తుంది, గాంధారం మీద ఊగుతుంది. రికార్డు చేసుకుని వింటే కీరవాణి రాగం ఆలాపనలా ఉంది. ముప్పై ఏళ్ళ చేతిని ఎలా ఆపను?

జవాబు (బరంపురం)

అమ్మా, ముందు శ్రుతి మార్చండి. మీ మంద్ర తీగలు రెండూ సరిగ్గానే ఉన్నాయి. రెండో తీగ జి నుంచి ఎ కి, మొదటిది డి నుంచి ఇ కి ఎక్కించండి. అప్పుడు ఆ తొలి కార్డులో కింది రెండూ ఖాళీ తీగలే. ఎ తీగ మీద మొదటి వేలు, ఇ తీగ మీద రెండో వేలు, అంతే.

ఇక గమకం, అంటే మీరన్న ఆ జారడం, ఊగడం సంగతి. ఆ అడాజియోలో కార్డుకీ కార్డుకీ మధ్య పరుగెత్తే చిన్న స్వరాలు చూశారా? అవే ఆయన గమకాలు. వాయించేవాళ్ళ మనోధర్మానికి వదిలే అలంకారాలను బాక్ కాగితం మీదే రాసేశాడు. వాటి మీద మన జారు కూడా వేస్తే నగల మీద నగలు పెట్టినట్టు. మీ చేతిలో ఉన్నది తప్పు కాదమ్మా, ఆయన ఆ పని ముందే చేసి పెట్టాడు.

జవాబు (రాయగడ)

నేను చర్చిలో వాయిస్తాను మేడం. కూర్చునే పద్ధతిలో రెండో భాగం ఫ్యూగ్ (ఒకే వరుసను గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునేది) చాలా కష్టం. నిలబడి, గడ్డం కింద పట్టుకోవడం అలవాటు చేసుకోండి. అడాజియో పక్కనపెట్టి ముందు వేగంగా సాగే చివరి భాగం ప్రెస్టో తీసుకోండి. అది చివరిదాకా దాదాపు ఒంటి స్వరాల వరుసే, చాలా నిదానంగా వాయిస్తే వేళ్ళకి కొత్త చోట్లు తెలుస్తాయి. బ్రిడ్జి వంపుగా ఉంటుంది కాబట్టి కమాను నాలుగు తీగల మీద ఒకేసారి నిలవదు. కింది రెండు, వెంటనే పై రెండు.

జవాబు (జయపురం)

నేనైతే ముందు ఇటలీ స్వరకర్త కొరెల్లీ సొనాటాలు అంటాను. 1700లో అచ్చయిన ఓపస్ 5 (ఆయన అయిదో సంపుటి)లో నెమ్మది భాగాలు స్వరాల ఎముకల్లా ఉంటాయి, నింపుకోవడం మన పని. మీకది సులువు.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

బరంపురం మాస్టారూ, మీ మాట చదివి కళ్ళు చెమర్చాయి. మొదటి తీగ ఎక్కిస్తుంటే తెగింది. విశాఖ నుంచి కొత్త సెట్ తెప్పించాను. ప్రెస్టో పదహారు బార్లు వచ్చాయి. నిన్న సాయంత్రం ఆ తొలి కార్డు పట్టాను. బి ఫ్లాట్ మీద, అంటే నా గాంధారం మీద, వేలు కదల్లేదు. కమాను తీసేశాక కూడా జి, డి ఖాళీ తీగలు మోగుతూనే ఉన్నాయి.