చోటు మార్చక తప్పనప్పుడు నత్తకు ఏ చోటు సరైనది?

పటమట టీచర్ (విజయవాడ): న్యూజిలాండ్‌లో స్టాక్టన్ పీఠభూమి మీద బొగ్గు గని కోసం అగస్టస్ కొండ శిఖరాన్ని తవ్వేశారు. పవెలిఫాంటా అగస్టా అనే నత్త ఉన్నది ఆ ఒక్క కొండమీదే. వానపాముల్ని తినే నత్త అది. 2006 నుంచి సుమారు 6,000 నత్తల్ని ఏరి, చాలావాటిని వేరే చోట్ల వదిలారు, మిగతావాటిని ఫ్రిజ్‌ల లాంటి చల్లటి గదుల్లో పెంచారు. 2011లో ఒక గదిలో ఉష్ణోగ్రత అదుపు తప్పి 800 దాకా గడ్డకట్టి చచ్చిపోయాయి. చదివినప్పుడు కడుపు తరుక్కుపోయింది. ఇలా మార్చక తప్పని పరిస్థితి వస్తే, పాత చోటుకు దగ్గరగా, అదే ఎత్తులో, అవే మొక్కలున్న చోటు ఎంచుకోవాలని నా వాదన. మీరేమంటారు?

కాలవ గట్టు (గుంటూరు): మేడమ్, పోలిక ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇంగ్లండ్‌లో 1996లో న్యూబరీ బైపాస్ రోడ్డు కోసం ఒక నత్త జాతిని, అది బతికే చిత్తడి నేలతో సహా పెళ్లగించి వేరే చోట పెట్టారు. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని నత్త. కొత్త చోటు చూడ్డానికి అచ్చం పాతదే. పదేళ్ల తర్వాత వెతికితే ఒక్కటీ లేదు. నేల ఎండిపోయింది.

మన కాలవ గట్టే చూడండి. ఆగస్టులో చూస్తే అంతా పచ్చగా, గట్టు నిండా తేమ. ఎండాకాలం కాలవలు కట్టేశాక వచ్చి చూస్తే అదే గట్టు నెర్రెలు బారి ఉంటుంది. ఆగస్టులో వచ్చినవాడు 'ఇది మంచి చోటు' అని రాసుకుని పోతాడు. అందుకే చోటు ఎంచేవాళ్లు అన్నిటికంటే గడ్డు నెలలో రావాలి. ఒక్కసారి కాదు, కొన్నేళ్ల పాటు.

కొండపల్లి అడవి: మన ఊరి నత్తలు ఎండాకాలంలో గుల్ల నోటికి పొర బిగించుకుని పడుకుంటాయి కదండీ. అలా సర్దుకోలేవా?

కాలవ గట్టు: పవెలిఫాంటాలకు ఆ పొర బిగించుకోవడం రాదు సార్, త్వరగా ఎండిపోతాయి. కాబట్టి 'నత్తకు తేమ కావాలి' అంటే సరిపోదు, ఈ నత్త ఎన్నాళ్ల ఎండకు తట్టుకుంటుందో ముందు తెలియాలి. గుల్ల కట్టుకోవడానికి మట్టిలో సున్నం కూడా చూసుకోవాలి.

కొండపల్లి అడవి: ఒప్పుకుంటాను. కానీ మీరిద్దరూ శత్రువును వదిలేశారు. తాహితి దగ్గర మోరియా దీవిలో ఆఫ్రికా రాక్షస నత్తను అణచడానికి 1977లో నత్తల్ని తినే మరో నత్తను తెచ్చి వదిలారు. అది అక్కడి పార్టులా నత్తల్ని ఊడ్చేసింది. 2015 నుంచి జూలలో పెంచిన పార్టులాలను ఆ దీవుల అడవుల్లో తిరిగి వదులుతున్నారు. అడవి వాటిదే, తేమ వాటిదే, కానీ తినేది ఇంకా అక్కడే ఉంది. అలాంటప్పుడు శత్రువు చేరని దీవి ఒకటి దొరికితే, పోలిక కాస్త తక్కువైనా అక్కడికే పోవాలి. బెర్ముడాలో అదే చేశారు. ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో పెంచిన స్థానిక నత్తల్ని నాన్‌సచ్ అనే చిన్న రక్షిత దీవిలో వదిలారు.

పటమట టీచర్: నాన్‌సచ్ బెర్ముడాలో భాగమే కదండీ, వాటి సొంత ప్రాంతమే. నా భయం సొంత ప్రాంతం దాటించడం గురించి. మంచి ఉద్దేశంతో తెచ్చినదే మోరియాలో కొంప ముంచింది. ఆఫ్రికా నత్త మన దేశానికి 1847లో కలకత్తాకు ఒక మనిషి చేతిలో వచ్చింది, ఇప్పుడు బొప్పాయి మొక్కల్ని కూడా వదలడం లేదు. వానపాముల్ని తినే నత్తను ఇంకో కొండమీద పెడితే అక్కడి వానపాముల సంగతేంటి? అక్కడ ముందునుంచీ ఉన్న నత్తల సంగతేంటి? సొంత ప్రాంతం బయట వదిలితే ప్రమాదం ఎక్కువని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2013 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

కాలవ గట్టు: అందుకే ముందు కొన్నింటినే వదలాలి. అవి అక్కడే గుడ్లు పెట్టి, ఆ పిల్లలు పెద్దయి మళ్లీ గుడ్లు పెట్టేదాకా మిగతావాటిని పెంపకంలో ఉంచాలి, అది కూడా ఒకే గదిలో కాదు. వదిలిన నత్తలు బతికి ఉన్నాయని చూపిస్తే నేను ఒప్పుకోను, అక్కడ పుట్టినవి కావాలి.

కొండపల్లి అడవి: అన్నేళ్లు గనివాళ్లు ఆగుతారా?

కాలవ గట్టు: ఆగాలి సార్. కొత్త చోట పిల్లలు పెరిగాయని తేలేదాకా పాత కొండమీద పార పడకూడదు. అనుమతి పత్రంలోనే ఆ షరతు ఉండాలి.

పటమట టీచర్: ఈ షరతుకు నేను కూడా ఓటు వేస్తాను. సొంత ప్రాంతం దాటించే విషయంలో మాత్రం ఇంకా ఒప్పుకోలేదండీ.