16వ శతాబ్దపు ఇంగ్లండ్ నేత ఇంట్లో ఎవరి పని ఏది?

ప్రశ్న: విల్ట్‌షైర్ వైపు వెడల్పాటి ఉన్ని బట్ట నేసే ఇంట్లో పనులెలా పంచుకునేవారండీ? మగ్గం దిగగానే అమ్మేసేవారా?

జవాబు 1: పిల్లలు ఉన్ని ఏకేవారు, ఆడవాళ్లు రాట్నం వడికేవారు. వెడల్పు మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం) విసిరితే రెండోవారు అందుకోవాలి. 1733లో జాన్ కే ఎగిరే నాడె వచ్చేదాకా ఇదే పద్ధతి. ఒక్క మగ్గానికి సరిపడా నూలు ఇంటివాళ్లతో తెమలదు, చుట్టుపక్కల ఇళ్లలోనూ వడికించాల్సిందే. 1555 చట్టం ప్రకారం పల్లె నేతగాడికి రెండు మగ్గాలకు మించి ఉండకూడదు.

జవాబు 2: అమ్మకం అప్పుడే కాదండీ. ఏకేముందు ఉన్నికి నూనె పట్టిస్తారు కాబట్టి మగ్గం దిగిన బట్ట జిడ్డుగా, వదులుగా ఉంటుంది. జిడ్డు పీల్చే మట్టి వేసి నీటి మిల్లులో చెక్క సుత్తులతో దంచితే కుంచించుకుని దట్టమవుతుంది. అసలు మెళకువ ఇక్కడే: మధ్యమధ్యలో తీసి మడత మార్చకపోతే ముడతలు బిగుసుకుపోతాయి, మళ్లీ పోవు. తర్వాత కొక్కేల చట్రానికి బిగించి ఆరబెట్టాలి. కొలత పెంచాలని అతిగా లాగితే తడవగానే మళ్లీ ముడుచుకుంటుంది. తనిఖీ, సీసపు ముద్ర పెట్టడానికి ఇలాంటి మోసాలు ఒక కారణం.

జవాబు 3: ఆపైన ముళ్లకాయలతో నూగు లేపి, పెద్ద కత్తెరతో సమంగా కత్తిరించాలి. అది వేరే పనివాళ్ల చేతిపని.