అమ్మకి నడుములో ఇంజక్షన్ వేయిద్దామంటున్నారు, వేయించుకున్నవాళ్ళు చెప్పండి

తెనాలి అమ్మాయి:
అమ్మకి 58. నడుము కింది ఎముకల్లో ఎల్4-ఎల్5 అనే రెండిటి మధ్య డిస్కు జారి నరం నొక్కుకుపోయిందట. ఎడమ పిరుదు దగ్గర మొదలై బొటనవేలి దాకా లాగుతోంది. రెండు నెలలుగా మాత్రలు, ఫిజియోథెరపీ అయ్యాయి. కూర తాలింపు పెట్టే సేపు కూడా నిలబడలేకపోతోంది. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయిద్దాం, వచ్చే సోమవారం రమ్మన్నారు. షుగరుంది, గుండెకి ఒక మాత్ర వేసుకుంటుంది. బాగా నొప్పి పెడుతుందా? ఎన్నాళ్ళు పనిచేస్తుంది? ఎంతవుతుంది?

కరీంనగర్ లారీ అన్న:
చెల్లే, బుగులు పడకు. నేను పోయినేడు ఏయించుకున్న. ఇరవై ఏండ్లు స్టీరింగ్ పట్టిన నడుము నాది. బోర్ల పండబెట్టి, కడుపు కింద దిండు పెట్టి, ముందుగాల చిన్న మత్తు సూది ఇచ్చిండ్రు. తర్వాత పెద్ద సూది పోతుంటే బరువు తెలుస్తది గని నొప్పి లేదు. మందు ఎక్కిస్తుంటే మాత్రం రోజూ గుంజే జాగలనే, పిక్క దాక సర్రున గుంజింది. సారు టీవీల బొమ్మ చూసుకుంట "సరైన నరం కాడనే ఉన్నం" అన్నడు. పావుగంట పని. మూడో రోజుకు కాలు నా కాలు లెక్క అయింది. ఐదు నెలలు సుఖంగ బండి నడిపిన.

విజయనగరం కోడలు:
ఎవరేమన్నా వెన్నులో సూదికి మాత్రం ఒప్పుకోవద్దమ్మా. పదకొండేళ్ళ కిందట రెండో కాన్పుకి ఆపరేషన్ చేసి వెన్నులో మత్తిచ్చారు. ఆనాటి నుంచి వంగి నీళ్ళ బిందె ఎత్తలేకపోతున్నాను. మా వీధిలో ఆపరేషనయిన ప్రతి ఆడదానిదీ ఇదే గోడు.

మత్తు డాక్టర్:
రెండిటికీ సంబంధం లేదండి. సిజేరియన్‌కి ఎక్కువగా ఇచ్చేది స్పైనల్. సన్నసూదితో వెన్నుపాము చుట్టూ ఉండే పొర లోపలి నీటిలోకి ఇస్తాం, నడుము కింద మొద్దుబారడానికి. ఈ ఇంజక్షన్ పొర బయటే ఉంటుంది, వాచిన నరం చుట్టూ వాపు తగ్గించడానికి. ఇక కాన్పు తర్వాతి నడుం నొప్పి మామూలు కాన్పయినవాళ్ళకీ ఉంటుంది. గర్భంలో కీళ్ళు సడలుతాయి, పొట్ట కండరాలు సాగుతాయి, ఆపైన బిడ్డని ఎత్తుకుని తిరగాలి. పన్నెండేళ్ళుగా ఇదే నా పని, తెలిసే చెబుతున్నా.

విజయనగరం కోడలు:
మీరు పొడిచి వెళ్ళిపోతారు, మోసేది మేము. సూది దిగిన చోటు ఈరోజుకీ వేలు పెట్టి చూపించగలను. మొదటిది మామూలు కాన్పే, అప్పుడు లేని నొప్పి ఇప్పుడెలా వచ్చింది?

మత్తు డాక్టర్:
మొదటి కాన్పు నాటి వయసు, రెండో కాన్పు నాటి వయసు ఒకటేనా? సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండొచ్చు. పదకొండేళ్ళు ఉండదు. ఒకసారి ఎక్స్‌రే తీయించారా?

విజయనగరం కోడలు:
ఎంతమందికి చూపించాను! బాలింత నడుము అంతే అని పంపేశారు. ఒక్కరూ చొక్కా పైకెత్తి చూసింది లేదు. ఇప్పుడు మీరు వయసంటున్నారు.

గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్:
డాక్టర్ గారూ, అవన్నీ పక్కనపెట్టండి. ఏడాదిలో నాకు మూడు వేశారు, ఒక్కోటి 18 వేలు. వారం కూడా ఆగలేదు. జనాన్ని ఎందుకు మోసం చేస్తారు?

మత్తు డాక్టర్:
మీకు కాలు లాగుతుందా, నడుమే నొప్పా?

గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్:
నడుమే. కాలికేం లేదు.

మత్తు డాక్టర్:
అక్కడే వచ్చింది చిక్కు. ఇది పనిచేసేది నరం నొక్కుకుని కాలు లాగేవాళ్ళకి. వాళ్ళకి కూడా కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా అనుకోవాలి, లారీ అన్నలా ఐదు నెలలు అందరికీ రావు. ఆ లోపు చాలామందికి జారిన డిస్కు దానంతటదే కుంచించుకుంటుంది, వ్యాయామం చేసుకునే వీలు దొరుకుతుంది. ఒట్టి నడుం నొప్పికి మొదటిది పనిచేయనప్పుడే ఆపేయాల్సింది. మీ విషయంలో మీ కోపం న్యాయమే.

డాలస్ బాబాయి:
ఇక్కడ 2012లో మసాచుసెట్స్‌లో తయారైన స్టెరాయిడ్ సీసాల్లో బూజు చేరి, నడుముకి వేయించుకున్నవాళ్ళకి మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) వచ్చింది. 60 మందికి పైగా పోయారు. 2014లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా చూపు పోవడం, పక్షవాతం అరుదుగా రావచ్చని హెచ్చరించింది. ఇవి చెప్పకుండా పావుగంట పని అనడం తప్పు.

మత్తు డాక్టర్:
ఒప్పుకుంటాను. అందుకే సీ-ఆర్మ్ (సూది ఎక్కడుందో తెరమీద చూపే ఎక్స్‌రే మిషను) కింద, రంగుమందు వేసి చూసుకుని చేసేచోటికే వెళ్ళాలి. నరం పక్కనుంచి ఇస్తే నలకలు లేని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మంచిది. నలకలున్న మందు పొరపాటున వెన్నుపాముకి వెళ్ళే రక్తనాళంలో పడితే అడ్డుపడుతుంది.

అనంతపురం రైతు:
ఇంత రాద్ధాంతం దేనికప్పా, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోండి. మా మామకి చేయి విరిగితే నలభై దినాల్లో అతికింది.

కరీంనగర్ లారీ అన్న:
అది విరిగిన బొక్కకే అన్నా. డిస్కుకు కట్టు ఏడ కడ్తరు?

రిటైర్డు పంతులు, ఏలూరు:
షుగరు సంగతి ఎవరూ చెప్పలేదమ్మా. నాకు 160 ఉండేది, ఇంజక్షనయిన రెండో రోజు 340కి ఎక్కింది. వారానికి గానీ దిగలేదు. ఇంట్లో మిషను పెట్టుకుని పూటపూటా చూడు. అన్నట్టు నులకమంచం మానేసి బల్లమీద పడుకోమని అమ్మకి చెప్పు.

అనంతపురం రైతు:
నులకమంచం మీద మా నాయన ఎనభై ఏండ్లు పండినాడు, ఏమీ కాలేదు.

మెడికల్ షాపు, నరసరావుపేట:
మంచాల గోల ఆపండి దయచేసి. తెనాలి అమ్మాయీ, గుండెకి మాత్ర అన్నావు. ఇంతమంది చదివి ఒక్కరూ అడగలేదు. ఆ షీటు మీద పేరేముంది? అమ్మకి స్టెంటు వేశారా?

తెనాలి అమ్మాయి:
నిరుడు దసరా ముందు వేశారండి. షీటు మీద క్లోపిడోగ్రెల్ అని ఉంది. నడుము డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. షుగరు మాత్రలే చూపించాం.

మత్తు డాక్టర్:
నేనూ గమనించకుండా వాదనలో పడ్డాను, తప్పు నాదే. అది రక్తం గడ్డకట్టనివ్వని మందు. సూది దిగినచోట లోపల రక్తం చేరితే నరాలు నలిగి కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. మామూలుగా వారం ముందు ఆపిస్తాం. అలాగని మీరు సొంతంగా ఆపొద్దు, స్టెంటు మూసుకుపోవచ్చు. స్టెంటు వేసిన డాక్టరు రాసిస్తేనే. సోమవారం ఎలాగూ కుదరదు, వాయిదా వేయండి. ఈలోపు ఒంటికి రెంటికి తెలియకపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఇంజక్షన్ కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తెనాలి అమ్మాయి:
ఇప్పుడే ఫోన్ చేసి సోమవారం వద్దన్నాను. రేపు పొద్దున్నే గుంటూరు బస్సెక్కి గుండె డాక్టరు దగ్గరికి. అమ్మ అంతసేపు కూర్చోలేదు, వెనక సీటులో పడుకోబెట్టాలి.

కరీంనగర్ లారీ అన్న:
ఎనక సీటు వద్దు చెల్లే, కుదుపులన్నీ ఆడనే. నడిమిట్ల కూసోబెట్టు, నడుము ఎనక దుప్పటి మడతపెట్టి.

విజయనగరం కోడలు:
డాక్టరు గారూ, ఎక్స్‌రే నడుముకి నిలబడి తీయించాలా, పడుకునా?