ట్రాక్ డే కోసం పాత స్విఫ్ట్‌కి 17 అంగుళాల అల్లాయ్స్ వేయించాలా?

నల్గొండ_స్విఫ్ట్13:

అన్నలందరికీ నమస్తే. నాది 2013 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోల్, మా బాపు నడిపిన బండి, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది కానీ ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూసినప్పటి నుంచి ఒక్కసారైనా ట్రాక్ మీద బండి నడపాలన్న పిచ్చి పట్టుకుంది. సంక్రాంతి అయ్యాక చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డే (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) ఉందట, సోపతిగాళ్లు ఇద్దరు పోతున్నారు, నేనూ పేరు ఇచ్చేశాను.

ఇప్పుడు బండికి ఉన్నవి కంపెనీ స్టీల్ రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లు, అవి వేసి ఐదేళ్లు దాటింది. ఎలాగూ మార్చాలి కదా అని ఇక్కడ ఒక షాపులో అడిగితే 17 అంగుళాల అల్లాయ్స్ మీద 205/45 టైర్లు వేసుకో, రోడ్డుకు అతుక్కుపోతుంది అన్నాడు. చూడ్డానికైతే మస్తున్నాయి, అబద్ధం ఎందుకు. బడ్జెట్ అన్నీ కలిపి 50 వేలు, అది దాటితే ఇంట్లో అన్నం పెట్టరు. వారానికి రెండుసార్లు ఇదే బండిలో హైదరాబాద్ పోయి రావాలి, చెన్నైకి కూడా దీన్నే నడుపుకుంటూ పోవాలి. ఏం వేయించమంటారు?

పాలమూరు_కే12:

తమ్మీ, ముందు ఆ 17 అంగుళాల ముచ్చట పక్కన పెట్టు. నీ బండి దాదాపు 960 కిలోలు, ఇంజిన్ 1.2 లీటర్లు, గుర్రాలు 90 కూడా లేవు. రిమ్ము పెద్దదైతే బరువు పెరుగుతుంది, పైగా ఆ పెరిగిన బరువంతా అంచు వైపు పోతుంది కాబట్టి తిప్పడానికీ ఆపడానికీ రెండింటికీ కష్టం, గుంత తగిలినప్పుడు సస్పెన్షన్‌కీ కష్టమే. ట్రాక్ మీద పట్టు ఇచ్చేది రబ్బరు, రిమ్ము సైజు కాదు. 205/45 అంటే టైరు వెడల్పు 205, అందులో 45 శాతం పక్క గోడ, అంటే 92 మిల్లీమీటర్లే, ఇప్పుడు నీకున్నది 132. సిమెంటు లారీలు, గ్రానైటు టిప్పర్లు తిరిగే మన రోడ్ల మీద ఆ 92 మిల్లీమీటర్లు పెట్టుకుని తిరుగుతావా చెప్పు.

నా మాట వింటే మీ తరం స్విఫ్ట్‌లో పై మోడల్ జడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల అల్లాయ్స్ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కో. హైదరాబాద్‌లో అప్పట్లో కొత్త బండి కొన్న నెలకే 17 అంగుళాలు వేయించుకుని కంపెనీవి అమ్మేసిన వాళ్లు చాలా మంది ఉన్నారు (వాళ్ల పుణ్యాన మనం బతుకుతున్నాం). పీసీడీ (నట్ల రంధ్రాల కొలత) 4×100, మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు, నీ బండికి ఖాళీ నింపే ఏ రింగూ లేకుండా కూర్చుంటాయి. కొనేముందు రిమ్మును బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి చూడు, లోపలి అంచు వంకర ఉంటే అక్కడే తెలిసిపోతుంది. వెల్డింగ్ చేసిన గుర్తు కనిపిస్తే ఫ్రీగా ఇచ్చినా వద్దు.

నేను చేసిన తప్పు చెప్తా. మొదటిసారి కోయంబత్తూరు కారి ట్రాక్‌కు పోయేటప్పుడు తక్కువ ధరకు వస్తున్నాయని 16 అంగుళాల రిమ్ములు వేయించాను, రెండు పీసీడీలకు సరిపోయేలా ఎనిమిది రంధ్రాలు ఉంటాయి చూడు, అవి. మధ్య రంధ్రం 73.1, మన హబ్ (రిమ్ము కూర్చునే ఇరుసు మొన) 54.1, మధ్యలో రింగు పెట్టాలని షాపువాడికి తట్టలేదు, నాకు తెలియదు. కర్నూలు దాటేసరికి 100 మీద స్టీరింగ్ వణుకు మొదలైంది. దారిలో రెండు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు, ఎందుకంటే తప్పు బ్యాలెన్సింగ్‌లో లేదు, చక్రం హబ్ మీద మధ్యలో కూర్చోలేదు, బరువంతా నట్ల మీదే ఉంది. అలాగే కోయంబత్తూరు దాకా పోయాను, అక్కడ బండిని తనిఖీ చేసినాయన చక్రం ఊపి చూసి ట్రాక్ మీదికి పోవద్దన్నాడు. ఫీజు పోయింది, రోజంతా కంచె పక్కన నిలబడి వేరేవాళ్ల బండ్లు చూసి వచ్చాను. బయటి రిమ్ములే వేయించేటట్టయితే రింగు అల్యూమినియంది పెట్టించు, ప్లాస్టిక్ రింగు బ్రేకు వేడికి మెత్తబడుతుంది. నట్లు కూడా ఆ రిమ్ముకు సరిపోయేవే కావాలి, మారుతికి ఎం12×1.25 మర.

ఇంకోటి. 50 వేలల్లో ముందు పది వేలు బ్రేకులకు తీసి పెట్టు. కొత్త ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, నాలుగు ల్యాపులకే మరిగి పెడల్ నేలకు పోతుంది, అప్పుడు ఏ టైరూ కాపాడదు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకు, మన మామూలు కార్ పాలసీలో రేసింగుకూ స్పీడ్ టెస్టింగుకూ కవర్ లేదని రాసే ఉంటుంది.

దేవరకొండ_డీజిల్:

స్విఫ్ట్‌కు ట్రాక్ ఏందిరా నాయనా. ఆ 50 వేలతో క్లచ్, షాకప్స్ మార్పించుకుని శ్రీశైలం ఘాట్‌లో నడుపుకో, అదే పెద్ద ట్రాక్.

పాలమూరు_కే12:

ఘాట్ మీద మాత్రం వద్దు భయ్యా. అది టైగర్ రిజర్వు, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటే మూసేస్తారు. పగలు పోతే మలుపు అవతల ఆర్టీసీ బస్సు ఉంటుంది, కోతుల గుంపు ఉంటుంది. ట్రాక్ మీద ఎదురు బండి రాదు, ఆ ఒక్క దానికే అంత దూరం పోయేది.

మిర్యాలగూడ_టైర్లు:

నాది టైర్ షాపు, కానీ అమ్ముకోవడానికి చెప్పట్లేదు, మీరు హైదరాబాద్‌లో కొన్నా నాకు అభ్యంతరం లేదు. రిమ్ముల గురించి పాలమూరు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను టైరు వరకు చెప్తా.

15 అంగుళాల రిమ్ముకు నీ ముందు మూడు దారులున్నాయి. 185/65 జడ్ఎక్స్ఐ సైజు, ఏ తిరకాసూ ఉండదు. 195/60 వేస్తే ఎత్తు ఆరేడు మిల్లీమీటర్లే తేడా, వెడల్పు కొంచెం పెరుగుతుంది, రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యస్తంగా ఉంటుంది. 195/55 అయితే టైరు మొత్తం ఎత్తు 596కు దిగుతుంది, నీ ఇప్పటి టైరు దాదాపు 620. అంటే నాలుగు శాతం చిన్నది, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు బండి కాస్త చురుగ్గా లాగుతుంది, పక్క గోడ పొట్టిది కాబట్టి స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం కదులుతుంది. కానీ మీటరు 100 చూపిస్తే నిజంగా పోయేది 96, బండి నేలకు 12 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది, మన ఊళ్లలో వేసే స్పీడ్ బ్రేకర్లు తెలుసు కదా, నలుగురిని ఎక్కించుకుంటే అడుగు గీసుకుంటుంది. నేనైతే 195/60 అంటా. కొందరు కాదంటారు, వాళ్ల బండి వాళ్లిష్టం.

టైరు మీద రాతలు చదవడం నేర్చుకో. సైజు తర్వాత 88వీ అని ఉంటే 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, వీ అంటే 240 స్పీడు దాకా. నీ స్విఫ్ట్ 240 పోతుందని కాదు, వేడిని తట్టుకునేలా కట్టిన టైరని అర్థం. టీ రేటింగ్ కన్నా హెచ్ గానీ వీ గానీ తీసుకో. ట్రెడ్‌వేర్ అని అంకె ఉంటే అది చిన్నదయ్యే కొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. అయితే ఆ అంకె కంపెనీ తనకు తాను వేసుకునేది, ఒక కంపెనీ 300నీ ఇంకో కంపెనీ 300నీ పక్కపక్కన పెట్టి తూకం వేయకు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 3522 అంటే 2022లో 35వ వారం. ఆఫర్ అని రెండేళ్ల నిల్వ సరుకు అంటగడతారు, మా వాళ్లే, నాకు తెలుసు.

నీ పాత టైర్లతో మాత్రం ట్రాక్ ఎక్కకు. అరిగిన టైరు ఎండ ట్రాక్ మీద నిజానికి కొత్తదానికన్నా బాగా నిలబడుతుంది, కొత్తదానికి 8 మిల్లీమీటర్ల లోతు దాకా గాడులు ఉంటాయి, వాటి మధ్య రబ్బరు దిమ్మెలు మలుపులో అటూ ఇటూ ఊగి వేడెక్కి ముక్కలు లేస్తాయి. కానీ నీది అరగడం వేరు, ఐదు నల్గొండ ఎండాకాలాలు చూసి గట్టిపడటం వేరు. గోరుతో నొక్కి చూడు, దిగదు. కొత్తవి వేయించి కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాకే ట్రాక్ ఎక్కు, ఎలాగూ నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు పట్టుకుని చెన్నైకి ఐదు వందల పైనే నడుపుతావు కాబట్టి ఆ పని దారిలోనే అయిపోతుంది.

సెమీస్లిక్_భయ్యా:

అందరూ ముసలివాళ్లలా మాట్లాడుతున్నారు. ట్రాక్ అంటే ట్రాక్ టైరే. నియోవా ఏడీ08ఆర్ గానీ నాన్‌కాంగ్ ఎన్ఎస్-2ఆర్ గానీ టోయో ఆర్888ఆర్ గానీ ఒక్కసారి వేసి చూస్తే మామూలు టైరు మళ్లీ ముట్టుకోరు. రెండో సెట్టు రిమ్ములు పెట్టుకో, నాలుగు చక్రాలు వెనక సీటు పడుకోబెట్టి పట్టుకుపో, అక్కడ మార్చుకో.

పాలమూరు_కే12:

టైర్లు మంచివే, ఎవరు కాదన్నారు. 2020 జూన్ నుంచి బయటి దేశపు టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి, కాబట్టి దొరికినవాడు చెప్పిందే ధర, దొరికినవి ఎన్నాళ్ల నుంచి గోడౌన్‌లో ఉన్నాయో చూసుకోవాలి. అది పక్కన పెట్టినా మొదటిసారి పోయేవాడికి అవి వద్దంటా. మామూలు టైరు పట్టు తప్పేముందు కీచుమని అరుస్తుంది, మెల్లగా జారుతుంది, నువ్వు కాలు తీసే టైము ఇస్తుంది. ఆ మెత్త రబ్బరు గట్టిగా పట్టుకుని పట్టుకుని ఒక్కసారి వదిలేస్తుంది, అప్పటికి నీ స్పీడు ఎక్కువ ఉంటుంది. పైగా పట్టు ఎక్కువైతే బండి ఇంకా వాలుతుంది, మన స్విఫ్ట్‌కు కంపెనీ ఇచ్చిన కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే వంపు) చాలక ముందు టైరు బయటి అంచు మీదే నడుస్తుంది, అంత ఖరీదైన రబ్బరు అంచులో కరిగిపోతుంది. ముందు ఇరవై ల్యాపులు మామూలు టైరు మీద నేర్చుకోనీ.

నల్గొండ_స్విఫ్ట్13:

అన్నలూ, పోయి వచ్చాను. చెప్పినట్టే చేశాను, ఎల్బీ నగర్‌లో ఒకాయన దగ్గర జడ్ఎక్స్ఐ అల్లాయ్స్ దొరికాయి, నాలుగింట్లో ఒకటి కొంచెం వంకరుంటే దాన్ని వెనక చక్రానికి వేసుకున్నాను. 195/60 వేయించాను, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్చాను, మొత్తం 46 వేలు అయింది.

ట్రాక్ 3.7 కిలోమీటర్లు, మొదటి రెండు ల్యాపులు గుండె నోట్లోకి వచ్చింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గాలి 30 పెట్టాను. ఐదు ల్యాపులు వేసి లోపలికి వచ్చి చూస్తే ముందు టైర్లలో 38, బండి మలుపులో నేరుగా పోతోంది, స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు భాగం వినట్లేదు. పక్కన పాత జెన్ తెచ్చినాయన సుద్దముక్కతో టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి గీత గీసి పంపాడు, తిరిగి వచ్చాక గీత ఎక్కడి దాకా చెరిగిందో చూసి గాలి ఎంత ఉండాలో చెప్పాడు, వేడి మీద 34కు దించాక నిజంగానే వేరే బండి నడుపుతున్నట్టు అనిపించింది. పదివేలు పెట్టి కొన్నదానికన్నా ఆ సుద్దముక్క ఎక్కువ పని చేసింది.

తప్పు ఒకటి చేశాను. సాయంత్రం ఆ గాలితోనే ఇంటికి బయలుదేరాను, సామాను, ముగ్గురు మనుషులు. నెల్లూరు దగ్గర చాయ్‌కి ఆగితే టైరు కింద చపాతీలా ఉంది, బంకులో చూపిస్తే 25. చల్లారాక దిగిపోతుందని అప్పుడు తట్టలేదు. మళ్లీ నింపుకుని నెమ్మదిగా వచ్చాను.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ట్రాక్ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, కుడి మలుపులే ఎక్కువ, అందుకని ఎడమవైపు ముందు టైరు బయటి అంచు బాగా అరిగింది, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. దాన్ని కుడివైపుకు మార్చొచ్చా?

మిర్యాలగూడ_టైర్లు:

టైరు మీద బాణం గుర్తు లేకపోతే మార్చొచ్చు. ఔట్‌సైడ్ అని రాసి ఉంటే ఆ వైపు ఎప్పుడూ బయటికే ఉండాలి, కాబట్టి రిమ్ము మీద తిరగేయకు, చక్రం చక్రంగానే వెనక కుడివైపుకు వెయ్యి. ఏ రాతా లేకపోతే రిమ్ము నుంచి తీసి తిరగేసి ఎక్కిస్తే అరిగిన అంచు లోపలికి పోతుంది, ఇంకో సీజన్ వస్తుంది. అయితే ముందు లోపలి గోడ చూడాలి తమ్ముడూ, 25తో ముగ్గురిని ఎక్కించుకుని హైవే మీద వచ్చావు కదా, లోపల నల్ల పొడి రాలి ఉంటే ఆ టైరు పని అయిపోయినట్టే. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది, బండి తీసుకురా.